సాగర్ రోడ్డు వెంట మన తండాలు

బంజారాహిల్స్‌కు ఆ పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. నేడు అక్కడ మన ఇళ్లు వెతుక్కోవాలి. రేపు ఎల్బీనగర్ శివారులో మన చరిత్రకూ ఆ గతి పట్టకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి అమ్మినవారు. మొగలు సైన్యాల వెంట దక్కనుకు వచ్చారు. 1874లో సికింద్రాబాద్–వాడి రైలు మార్గం మొదలైంది. రైళ్లు, రోడ్లు పెరిగేకొద్దీ ఆ వర్తకం పోయింది. తండాలు ఒకచోట నిలిచాయి. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి మెట్ట చేలకు వానే దిక్కు. వాన తప్పితే వలసే.

సాగర్ రోడ్డు, శ్రీశైలం రోడ్డు పట్టుకొని కుటుంబాలు నగర శివారుకు చేరాయి. మట్టి తవ్వాయి, ఇటుకలు మోశాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది. హాస్టళ్లలో చదివిన పిల్లలు ఉద్యోగులై శివారు కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నారు. ఎల్బీనగర్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. 2018లో అక్కడికి మెట్రో వచ్చింది.

ఇప్పుడు హాస్టల్‌లో చేరేటప్పుడు కాలనీ పేరు చెప్పి, తండా పేరు తెలియదనే పిల్లలను చూస్తున్నాం. గోర్‌బోలీకి సొంత లిపి లేదు. పెద్దలు పోతే వారి మాటా పోతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ తీజ్‌కు తాతను, నానమ్మను అడగండి. మనది ఏ తండా? ఎప్పుడు బయలుదేరారు? మొదట ఏ పని దొరికింది? వారు చెప్పింది గోర్‌బోలీలోనే, తెలుగు అక్షరాలతో రాసిపెట్టండి.