వేషం ఎవరిది, ఎంతకాలం: ఉత్తర తెలంగాణలో సామూహిక వేషక్రీడల గతం

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని రాజ్‌గోండుల గూడేలలో ఆశ్వయుజ పౌర్ణమి ప్రాంతంలో మొదలై దీపావళి దాకా సాగే దండారి బయటివారికి నృత్యోత్సవంగానే తెలిసినప్పటికీ, దాని నడకను దగ్గరగా పరిశీలించినవారికి అది ఊరంతా పాత్రలు పంచుకొని రోజుల తరబడి ఆడే వేషక్రీడగా కనిపిస్తుంది. ఇందులో ప్రధాన వేషం గుస్సాడీ. నెమలిపింఛాలతో కట్టి కొమ్ములు అమర్చిన పెద్ద కిరీటం, మసి, బూడిద పూసిన ఒళ్లు, భుజాన జంతుచర్మం, మెడలో పూసల దండలు, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో దండం ధరించిన గుస్సాడీని ఆ దినాలలో మనిషిగా కాక దేవత ఆవహించినవాడిగా భావిస్తారు. అతని పక్కన ఆడవేషం కట్టిన యువకులు ఉంటారు. వీరిని పోరిక్‌లు అంటారు. డప్పు, తుడుం, సన్నాయిని పోలిన పెప్రి వాయించేవారు, కోలలతో వలయంగా ఆడే దండారి యువకులు, వెంట నడిచే ఊరిపెద్దలు కలిస్తేనే బృందం పూర్తవుతుంది.

బృందంగా వేషం కట్టే ప్రతిచోటా తలెత్తే తగవులు దాదాపు ఒకే తీరువి. మంచి పాత్ర ఎవరికి దక్కాలి, ఆటను ఎవరు నడపాలి, ఒక్కడే అందరి వంతునూ మింగేస్తే ఏం చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నవే అవి. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడినప్పుడు, బల్ల చుట్టూ కూర్చొని పాత్రల పేరిట మాట్లాడే ఆ ఆటలో కథను నడిపే అధికారాన్ని ఒక నిర్వాహకుడికి అప్పగించి, ఫలితాలను పాచికలకు వదిలారు. అయినా నిర్వాహకుడు పక్షపాతి అనీ, తోటి ఆటగాడు నియమాల పుస్తకం పట్టుకొని వాదిస్తూ పొద్దుపుచ్చుతున్నాడనీ వచ్చే ఫిర్యాదులు ఆగలేదు. దండారి ఈ చిక్కులను నియమావళితో కాక దీక్షతో ఎదుర్కొన్నది. గుస్సాడీ వేషం గౌరవంతోపాటు భారాన్నీ తెస్తుంది. వేషం కట్టినవాడు కోలాబోడి, అంటే ఉత్సవాన్ని ముగించే క్రతువు జరిగేవరకు స్నానం చేయకూడదు. పెద్ద పాత్ర కోరుకునేవాడు పెద్ద కష్టాన్నీ కోరుకోవలసి వచ్చే ఈ ఏర్పాటు, పాత్రల కోసం జరిగే పోటీని ఎంతటి తీర్పరి కన్నా సమర్థంగా అదుపు చేసిందని చెప్పవచ్చు.

చూసేవారిని ఊరకే కూర్చోనివ్వకపోవడం దండారిలోని మరొక విశేషం. ఒక గూడెం బృందం వాద్యాలతో మరొక గూడేనికి విడిదికి వెళ్తుంది. ఆతిథేయులు ఎదురేగి ఆహ్వానించి, భోజనం పెట్టి, ఆ రాత్రి ఆటపాటల్లో తామూ పాల్గొంటారు. అతిథి, ఆతిథేయి అన్నవి కూడా అక్కడ పాత్రలే. ఈ రాకపోకల్లో పెళ్లి సంబంధాలు కుదరడం వల్ల కొంటె వేషాలకూ హాస్య ఘట్టాలకూ వెనుక గంభీరమైన వ్యవహారం నడుస్తూనే ఉంటుంది. ఊరంతటికీ వండిపెట్టడం పేద గూడేనికి తేలిక కాదు కనుక, ఈ క్రీడలో అసలైన బరువు నర్తకులపై కన్నా పొయ్యి దగ్గరివారిపైనే ఎక్కువగా పడిందనడం అతిశయోక్తి కాదు.

పాత్రలను ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకు పరిసర ప్రాంతాలలో వేరే జవాబులు దొరికాయి. మాదిగ కులాన్ని ఆశ్రయించి జీవించిన చిందు భాగవతులు, అనగా జాంబపురాణం వంటి యక్షగానాలను వంశపారంపర్యంగా ప్రదర్శించే కుటుంబాలు, పాత్రలను తమ ఇంటివారి మధ్యనే పంచుకున్నారు. ఆడవారు రంగమెక్కడం అరుదైన కాలంలో కూడా చిందుల ఎల్లమ్మ (మరణం 2005) వంటి స్త్రీలు ప్రధాన పాత్రలు ధరించడం ఈ కుటుంబ వ్యవస్థ వల్లనే సాధ్యమైంది. కరీంనగర్ ప్రాంతంలో కళాకారుడు మిద్దె రాములు పేరుతో ప్రసిద్ధి పొందిన ఒగ్గుకథలో పాత్రల పంపకమే దాదాపు లేదు. మల్లన్న, బీరప్పల కథలు చెప్పే ప్రధాన కథకుడు దేవుడూ తానే, ఆ దేవుడి అత్తా తానే అవుతాడు. పక్కవాడు ఊకొడుతూ, అడ్డు ప్రశ్నలు వేస్తూ, అవసరమైతే కండువాను కొంగుగా చేసుకొని భార్య పాత్రలోకి జారిపోతాడు. ఒక్కడే అంతా ఆక్రమించాడన్న ఫిర్యాదు ఇక్కడ పుట్టదు. ఆక్రమించలేకపోతేనే జనం పెదవి విరుస్తారు.

గోండుల చరిత్రలో 1940 ఒక మలుపు. ఆ ఏడాది జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం మరణించాడు. ఆయన వర్ధంతిని నేటికీ ఆశ్వయుజ పౌర్ణమినాడే, అంటే దండారి దినాల ముంగిట్లోనే జరుపుతారు. గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియోగించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో నివసించి, 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథాన్ని వెలువరించాడు. అదే మార్లవాయికి చెందిన కనకరాజు 1981 గణతంత్ర దినోత్సవాల సందర్భంగా ఢిల్లీలో గుస్సాడీ ఆడి, 2021లో పద్మశ్రీ అందుకున్నాడు.

ఈ గుర్తింపు గుస్సాడీని దేశానికి పరిచయం చేసినమాట నిజమే కాని, ఆట నియమాలను కూడా మార్చింది. గూడెంలో గుస్సాడీ వరుసలో నిలబడడు. గుంపులోకి దూసుకుపోయి పిల్లలను బెదిరిస్తాడు, పెద్దలను ఆటపట్టిస్తాడు, రోగి ఒంటికి దండం తాకించి దీవిస్తాడు. కవాతు బాటపై కొన్ని నిమిషాల ప్రదర్శనకు అడుగులు కలవాలి, వరుస చెదరకూడదు, చూసేవారు దూరంగా కుర్చీల్లో ఉండాలి. విడిదికీ, విందుకూ, రాత్రి హాస్యానికీ అక్కడ చోటు లేదు. అందువల్ల వేదికపై మిగిలింది చూడముచ్చటైన నృత్యమే. ఎదురేగి స్వాగతం పలకవలసిన రెండో ఊరు మాత్రం ఆ ఆటలోంచి తప్పుకున్నది.