శూల నుంచి క్రిమి దాకా: అశ్వవైద్య చరిత్రలో ఒక గుణపాఠం

1789 ఫిబ్రవరిలో ఇంగ్లాండులో ఎక్లిప్స్ అనే పందెపు గుర్రం శూలతో మరణించింది. 18 పందేల్లో ఓటమి ఎరుగని ఆ గుర్రపు కళేబరాన్ని ఫ్రెంచి పశువైద్యుడు సాంబెల్ పరిశీలించాడు. 1791లో లండనులో వెలసిన పశువైద్య కళాశాలకు ఆయనే తొలి ఆచార్యుడు. అయితే శూల అన్నది ఒక లక్షణానికి పేరు మాత్రమే. పేగు మెలిపడినా, మేత అడ్డుపడినా, వాయువు నిండినా గుర్రం ఒకే తీరుగా పొర్లాడుతుంది, డొక్కవైపు తిరిగి చూస్తుంది. ఆ లక్షణం వెనుక ఉన్న కారణాల్లో ఒకదాన్ని కనుగొన్న తీరును, దాన్ని జయించాక ఎదురైన చిక్కును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1870లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒట్టో బోలింగర్ గుర్రాల శూలకూ, పేగులకు రక్తాన్ని అందించే ధమనిలోని క్రిములకూ గల సంబంధాన్ని వివరించాడు. స్ట్రాంగైలస్ వల్గారిస్ అనే క్రిమి డింభకాలు గడ్డితోపాటు కడుపులోకి చేరి, పేగు గోడను తొలుచుకొని ఆ ధమని మొదలుకు చేరుకుంటాయి. అక్కడ గడ్డకట్టిన రక్తం ముక్కలై చిన్న ధమనులను మూసివేస్తుంది. రక్తం అందక పేగు భాగం చచ్చుబడుతుంది.

కారణం తెలిసినా తగిన మందు రావడానికి దశాబ్దాలు పట్టింది. 1940 ప్రాంతంలో ఫినోథయజీన్, 1961లో థయాబెండజోల్ వచ్చాయి. 1966లో అమెరికా పరిశోధకులు డ్రడ్జ్, లయన్స్ గుర్రాలన్నింటికీ సుమారు రెండు నెలలకోసారి మందు వేయాలని సూచించారు. 1980లలో ఐవర్‌మెక్టిన్ తోడైంది. ధమనిని పట్టే క్రిమి చాలాచోట్ల అరుదైపోయింది.

అయితే ఆ విజయం కొత్త సమస్యను తెచ్చింది. అంతకుముందు అప్రధానంగా భావించిన చిన్న స్ట్రాంగైల్ క్రిములు మందులకు లొంగని శక్తిని సంతరించుకున్నాయి. వాటి డింభకాలు పెద్దపేగు గోడలో నెలల తరబడి దాగి, ఒక్కుమ్మడిగా వెలువడితే తీవ్రమైన విరేచనాలతో గుర్రం ప్రాణం పోవచ్చు.

అందుకే డెన్మార్క్ 1999లో వైద్యుని చీటీ లేకుండా క్రిమిసంహారక మందులు అమ్మరాదని నిర్ణయించింది. పేడలోని గుడ్లను లెక్కించి, అవసరమైన గుర్రాలకే మందు వేసే పద్ధతి స్థిరపడింది. కానీ ఆ పద్ధతిని పాటించిన శాలల్లో పాత స్ట్రాంగైలస్ ఎక్కువగా కనిపిస్తున్నట్లు 2012లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనం తెలిపింది.

మందు అతిగా వాడితే ఒక క్రిమి, తగ్గిస్తే మరొకటి బలపడుతున్నాయి. కాబట్టి అశ్వవైద్య చరిత్రను క్రిమిపై మానవుడి జైత్రయాత్రగా చదవడం అసంపూర్ణం. దాన్ని నిరంతర పరీక్షతో కాపాడుకోవలసిన సమతౌల్య చరిత్రగా చదవడమే సముచితం.