సౌరవిద్యుత్తు చౌక కావడంలో వేలం వాటా ఎంత?

సౌరవిద్యుత్తు ధర గురించి మన దగ్గర ఒక కథ స్థిరపడిపోయింది. 2010లో యూనిట్ 17 రూపాయల పైచిలుకు ఉండేదట. కంపెనీలకు రివర్స్ వేలం (తక్కువ ధర పలికినవాడే గెలిచే వేలం) పెట్టి పోటీకి దింపగానే పదేళ్లు తిరిగేసరికి రెండు రూపాయలకు పడిపోయిందట. ఇది అబద్ధమని నేననను. కాని ఈ కథలో ధర పలికినవాళ్లే కనబడతారు. అంత తక్కువ పలికే ధైర్యం వాళ్లకు ఎక్కడినుంచి వచ్చిందో కనబడదు.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1954లో బెల్ ల్యాబ్స్ సిలికాన్ సెల్, ఆ వెంటనే ఉపగ్రహాలు, 1973 చమురు సంక్షోభం. మన దగ్గర 1974లో సాహిబాబాద్‌లో సెంట్రల్ ఎలక్ట్రానిక్స్, 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధన విభాగం. ఆ తర్వాత చాలా ఏళ్లు సోలార్ అంటే ఊరి చివర వెలిగీ వెలగని వీధి దీపం, డాబా మీద నీళ్లు కాగే ట్యాంకు. తిరుమలలో ఎండతో ఆవిరి పుట్టించి అన్నం వండితే గొప్పగా చెప్పుకున్నాం. అది వేడి, కరెంటు కాదు. గ్రిడ్ లెక్కలో వీటికి చోటు లేదు.

అసలు తగాదా 2010 తర్వాతి ఏడెనిమిదేళ్ల మీద. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన ధర యూనిట్‌కు 17.91 రూపాయలు. అదే ఏడాది చివర్లో జరిగిన మొదటి వేలంలో కనిష్ఠ ధర 10.95, మరుసటి డిసెంబరులో 7.49. వేలం మహిమ అనేవాళ్లు చూపించే అంకెలు ఇవే. అదే కాలంలో జర్మనీ సబ్సిడీలను నమ్ముకుని పెరిగిన చైనా ఫ్యాక్టరీల్లో సరుకు పేరుకుపోయి ప్యానెళ్ల ధర కూలిపోతోందన్న మాట మాత్రం కథలో ఏ మూలో ఉంటుంది. ఇంకో సంగతి దాదాపు మరుగునే పడింది. ఆ తొలి కరెంటును ఎన్టీపీసీ అనుబంధ సంస్థ కొని, ఒక మెగావాట్ సౌరానికి ఒక మెగావాట్ బొగ్గు కరెంటు కలిపి పంపిణీ సంస్థలకు (డిస్కంలకు) అమ్మింది. బొగ్గు ప్లాంటు రాత్రీ పగలూ నడుస్తుంది కాబట్టి యూనిట్ల లెక్కలో ఆ కలగలుపు సుమారు ఒకటికి నాలుగు. ఖరీదైన పాలలో చవక నీళ్లు కలిపినట్టన్నమాట. కొన్నవాడికి మంట తెలియలేదు, అమ్మినవాడికి బాకీ భయం లేదు.

కొన్నవాడు డబ్బు ఎగవేస్తాడేమోనన్న ఈ బాకీ భయం దగ్గర కాస్త ఆగాలి. సౌరవిద్యుత్తులో ఇంధనం ఖర్చు లేదు. పెట్టుబడంతా మొదటిరోజే పెట్టాలి. కనుక థర్మల్ ప్లాంటుకు బొగ్గు ఎలాంటిదో దీనికి వడ్డీ అలాంటిది. మెగావాట్‌కు 4 కోట్లు అప్పు అనుకుందాం, ఏడాదికి 18 లక్షల యూనిట్లు వస్తాయనుకుందాం. వడ్డీ ఒక్క శాతం పెరిగితే ఏటా 4 లక్షలు, అంటే మొదటి ఏడాది యూనిట్‌కు 22 పైసలు. పైసల మీద టెండర్లు గెలిచే చోట ఇది చిన్న మొత్తం కాదు. డిస్కం సంతకం మీద అప్పిచ్చే బ్యాంకు ఒక వడ్డీ చెబుతుంది, ఎన్టీపీసీ సంతకం మీద ఇంకో వడ్డీ చెబుతుంది.

దీనికి నా దృష్టిలో మంచి సాక్ష్యం కర్నూలు సోలార్ పార్కు. గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాలు, 1000 మెగావాట్లు. మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబడితే అద్దాల వరసలు ఎండలో చెరువులా మెరుస్తాయి. దగ్గరికెళ్లి వేలితో గీస్తే ఎర్ర దుమ్ము అంటుకుంటుంది. 2015 నవంబరులో ఎన్టీపీసీ టెండర్‌లో 500 మెగావాట్లకు సన్‌ఎడిసన్ 4.63 రూపాయలు పలికి రికార్డు కొట్టింది. 2016 ఏప్రిల్‌లో దాని మాతృసంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. వేలమే ధరను సృష్టించి ఉంటే, పాడుకున్నవాడు కుప్పకూలగానే ఆ ధరా కూలాలి. కూలలేదు. గ్రీన్‌కో ప్రాజెక్టును చేజిక్కించుకుని కట్టింది. 2017లో పార్కు పూర్తయింది. భూమి సేకరించింది, రోడ్లు, సబ్‌స్టేషన్లు వేసింది ప్రభుత్వ రంగ సంస్థల ఉమ్మడి కంపెనీ. పార్కులకు కేంద్రం మెగావాట్‌కు 20 లక్షల చొప్పున గ్రాంటు ఇచ్చింది. 25 ఏళ్లు కొంటానని ఎన్టీపీసీ సంతకం పెట్టింది. మిగిలిన పనికి ఎవరొచ్చినా సరిపోయేది.

ఇక్కడ నా వాదనకు నేనే ఒక పగ్గం వేయాలి. వేలానికి వాటా లేదనడం అన్యాయం. గుజరాత్ వేలం లేకుండా మొదటి పన్నెండేళ్లకు 15 రూపాయల చొప్పున ధర కట్టేసింది, ప్యానెళ్లు చవకైనా ఆ రాష్ట్రం అదే ధర మోయాల్సి వచ్చింది. పడిపోతున్న ఖర్చును జనానికి చేర్చే పని వేలం చేసింది. ఖర్చు పడిపోవడానికి కారణాలు మాత్రం వేరు. 2017 ఏప్రిల్‌లో కడపలో 3.15, మే నెలలో రాజస్థాన్ భడ్లాలో 2.44. రెండూ వేలాలే. తేడాలో కొంత ఎండది. అంతా ఎండదే అంటే నమ్మను.

సంతకం విలువ ఎంతో 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తేలింది. పాత ఒప్పందాల ధర ఎక్కువని ప్రభుత్వం సమీక్షకు దిగింది. సౌరవిద్యుత్తుకు 2.44 చాలంది. అది భడ్లా అంకె. ప్యానెళ్లు ప్రియంగా ఉన్న రోజుల్లో కట్టిన ప్లాంటుకు చవక రోజుల ధర అంటగట్టడమన్నమాట. హైకోర్టు తాత్కాలికంగా అదే ధర చెల్లించమంది. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందం ప్రకారం పూర్తి ధర ఇవ్వాల్సిందేనంది. ఆ రెండున్నరేళ్లు ఈ రాష్ట్రానికి అప్పిచ్చేవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

కర్నూలు పార్కు కట్టిన రోజుల్లోనే తెలంగాణ ఇంకో దారి పట్టింది. ఒకేచోట వేల ఎకరాలు కాకుండా జిల్లాల్లో సబ్‌స్టేషన్ల పక్కన చిన్న చిన్న ప్లాంట్లు. పుట్టిన కరెంటు పక్క ఊళ్ల మోటార్లకే పోతుంది, లైన్లలో నష్టం తక్కువ. యూనిట్ ధర మాత్రం పార్కులకంటే ఎక్కువ. ధర ఒక్కటే చూసే చరిత్రకారుడి కంటికి ఇది ఆనలేదు. మొత్తం ఖర్చు కట్టి చూస్తే ఇదే మేలేమోనని నాకు అనుమానం.

ఇప్పటి పరిస్థితి? 2025 జనవరి నాటికి దేశంలో సౌర సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. 2022కే చేరాల్సిన లక్ష్యం ఇది. కాని చవక అంటున్నది మధ్యాహ్నం యూనిట్‌ని. సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఫ్యాన్లూ వీధిలో దీపాలూ వెలిగే వేళకు గని పార్కులో ప్యానెళ్లన్నీ నిద్రపోతాయి. ఇంకో చిక్కూ ఉంది. 2022 ఏప్రిల్ నుంచి విదేశీ ప్యానెళ్ల మీద 40 శాతం సుంకం వేశాం. ఇక్కడ ప్యానెళ్లు బిగిస్తున్నాం, వాటి వేఫర్ల కోసం ఇప్పటికీ ప్రధానంగా చైనా వైపే చూస్తున్నాం. దీన్ని ఇంధన భద్రత అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ సాయంత్రం లోటు తీర్చడానికి గని గ్రామానికి దగ్గర్లోనే పిన్నాపురంలో గ్రీన్‌కో పంప్డ్ స్టోరేజ్ చేపట్టింది. పగటి కరెంటుతో నీళ్లు పైకెక్కించి, రాత్రికి కిందికి వదులుతారు. కొత్త విద్యేం కాదు, శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ నిల్వ ఖర్చు కలిపితే సాయంత్రం యూనిట్ ఎంతకు వస్తుందన్నది రేపటి టెండర్లలో తేలుతుంది. ఆ అంకె కూడా వేలంలో ఎంత పలికారన్న దానికన్నా, కొంటానన్న సంతకం కింద ఎవరి పేరుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అంచనా.