కొసరు దొరికే చోటు: సంగారెడ్డి, పటాన్‌చెరు అంగళ్ల కథ

పాశమైలారం పారిశ్రామికవాడకు దగ్గరి ఒక ఊళ్లో పొద్దుగూకే వేళ అంగడి చూశాను. గోనెపట్టా పరుచుకుని కూర్చున్న అవ్వ ముందర వంకాయలు, చిక్కుడుకాయలు, పచ్చిమిరపకాయలు కుప్పలుగా పోసి ఉన్నాయి. డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఒడిశా కుర్రాడు వంకాయల కుప్ప చూపించి "కిత్నా?" అన్నాడు. "పావ్ కిలో బీస్ బేటా" అంది అవ్వ. "పంద్రా" అన్నాడతను. అవ్వ ధర తగ్గించలేదు. పావుకిలో జోకి సంచిలో పోసి, మరో రెండు కాయలు పైన వేసి "గిది కొసరు" అంది. కుర్రాడు నవ్వి "కొసరు, కొసరు" అంటూ కరివేపాకు రెమ్మ కూడా అడిగి తీసుకున్నాడు. అతనికి వచ్చిన తెలుగు మాటలు ఎన్నో నాకు తెలియదు గానీ, అందులో ఇదొకటి.

కొసరు అంటే తూకం అయిపోయాక వేసేది. లెక్కలోకి రాదు, దానికి ధర లేదు. కానీ అది లేకపోతే అంగడి అంగడి కాదు. సంగారెడ్డి, సదాశివపేట, పటాన్‌చెరు ప్రాంతంలో కొనడం, అమ్మడం, కలుసుకోవడం వందల ఏళ్లుగా ఎట్లా సాగాయో వెతుక్కుంటూ పోతే, రాజులు మారారు, నాణేలు మారాయి, కొలతలు మారాయి. కొసరు మాత్రం నిలిచింది. అది ఎందుకు నిలిచిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

పేరు, పేట

కోస్తాలో సంత అనేదాన్ని మన దిక్కు అంగడి అంటాం. రాయలసీమలో అంగడి అంటే దుకాణం. తమిళ, కన్నడాల్లోనూ ఆ అర్థమే. పాత తమిళ కావ్యాలు పగటిపూట సాగే బజారును నాళంగాడి అనీ, సందెవేళ సాగేదాన్ని అల్లంగాడి అనీ అన్నాయి. కర్ణాటకలో ఉప్పినంగడి, బెళ్తంగడి అని ఊళ్లకే ఆ పేర్లున్నాయి. వారానికోసారి కూడి చీకటి పడేసరికి విడిపోయేది అన్న అర్థం తెలంగాణ పల్లెల్లో స్థిరపడింది.

వారానికోసారే ఎందుకు? ఒక్క ఊరి గిరాకి గాజులమ్మే మనిషికి వారమంతా బువ్వ పెట్టదు. ఏడు ఊళ్ల గిరాకి కలిస్తే పెడుతుంది. అందుకే ఇవాళ ఈ ఊరు, రేపు ఆ ఊరు అని వ్యాపారి చుట్టు తిరుగుతాడు. కొనేవాళ్లకేమో పొద్దున సద్ది కట్టుకుని నడిచి వెళ్లి, చీకటి పడేలోగా ఇల్లు చేరేంత దూరంలో అది ఉండాలి. ఈ రెండు అవసరాలు ఎక్కడ కలిశాయో అక్కడ ఏ చెట్టుకిందో, చెరువుకట్ట పక్కనో అంగడి కూడింది.

పటాన్‌చెరు ఇవాళ పొగగొట్టాల ఊరని పేరు పడింది గానీ, అది చాలా పాత పట్నం. 11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడు కొంతకాలం రాజధానిగా చేసుకున్న పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. కన్నడంలో కెరె అంటే చెరువు. రాజు మకాం ఉన్నచోట దండు ఉంటుంది, దండుకు దినుసులు కావాలి, దినుసులున్నచోట బజారు ఉంటుంది. కాకతీయుల నాటికి బజారుకు ఎంత కట్టుబాటు ఉండేదో ఓరుగల్లు ఖాన్‌సాహెబ్ తోట శాసనం చూస్తే తెలుస్తుంది. ధాన్యం, కూరగాయల మొదలు పసుపు, మిరియాల దాకా ఏ సరుకు మీద దేవుడికి ఎంత చెల్లించాలో అందులో పేరుపేరునా చెక్కించారు.

తరవాతి కాలంలో ఈ ప్రాంతపు సంస్థానాధీశులు పేటలు కట్టించారు. పేట అంటే బజారు కోసం పుట్టిన ఊరు. సదాశివపేట, జోగిపేట, శంకరంపేట, పాపన్నపేట అన్న పేర్లే ఆ సంగతి చెబుతాయి. పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ కొడుకు పేరున సంగారెడ్డి వెలసిందని, సదాశివరెడ్డి పేరున సదాశివపేట వెలసిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. కోట కట్టడం ఒక ఎత్తు, పేట నిలపడం ఒక ఎత్తు. కోమట్లను, సాలెలను, కంచరివాళ్లను పిలిచి జాగా ఇచ్చి కూర్చోబెడితేనే పేట నిలుస్తుంది. కోటలు మొండిగోడలయ్యాయి. పేటలు ఇప్పటికీ బతికే ఉన్నాయి.

మానికలు, హాలీసిక్కలు

నిజాం కాలంలో పల్లె మనిషి చేతిలో డబ్బు తక్కువ. కుమ్మరి, కమ్మరి, వడ్లవాళ్లకు పంట మీద గింజలే కూలి. అంగడికి ఆడవాళ్లు మానికెడు జొన్నలు కొంగున కట్టుకుని పోయి, ఉప్పో, ఎండుచేపలో, మిరపకాయలో మార్చుకుని వచ్చేవారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కొలిచేటప్పుడు పైన గోపురంలా పోస్తే ఒక లెక్క, చేత్తో తుడిస్తే ఒక లెక్క. ఆ గోపురం దగ్గరే తగాదా, ఆ గోపురం దగ్గరే కొసరు.

డబ్బు ఉన్నవాళ్లకూ చిక్కులు తప్పలేదు. హైదరాబాద్ రాజ్యానిది హాలీసిక్క, ఇంగ్లీషువాళ్లది కల్దార్. 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. బయటి వ్యాపారి ఏ రూపాయి లెక్క చెబుతున్నాడో ముందే తేల్చుకోవాలి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడ్డాక బయటి సరుకు, బయటి ధర కూడా ఈ దిక్కుకు చేరాయి. గిరాకి, తరాజు, దుకాణం, దలాలు, ఉద్దెర వంటి మాటలు ఉర్దూ, మరాఠీల నుంచి వచ్చి మన నోట తెలుగైపోయాయి. బీదర్ దగ్గర కావడంతో ఇక్కడి అంగట్లో నాలుగు భాషలు వినబడటం కొత్తేమీ కాదు.

ఆ రోజుల్ని బంగారంగా చెప్పడం అబద్ధమవుతుంది. కల్లంలోనే జాగీర్దారు పాలు, సావుకారు బాకీ తీసేశాక మిగిలిన గింజలే రైతు వెంట అంగడికి వచ్చేవి. వెట్టికి పోయినవాడికి అంగడి రోజు కూడా తనది కాదు. పంట అమ్మే రైతును దలాళ్లు తూకంలో ముంచకుండా 1930లో హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. 1948లో నిజాం పాలన పోయింది, 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. 1957లో నయాపైసలు, 1958 నుంచి కిలోలు వచ్చాయి. శేర్లు, మానికలు చట్టంలోంచి పోయినా అవ్వల నోట్లోంచి పోవడానికి ఇంకో తరం పట్టింది.

రుమాలు కింద బేరం

సదాశివపేట పేరు చెబితే ఈ దిక్కు రైతులకు గుర్తొచ్చేది పశువుల అంగడి. ఎద్దు బేరం కూరగాయల బేరం లాంటిది కాదు. ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్ల కోడెనా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా, కడపళ్లు పడిందా అన్నదాన్ని బట్టి వయసు. తరవాత సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపించి గిట్టల తీరు చూస్తారు. ఆపైన దలాలు వస్తాడు. కొనేవాడి చేయి, అమ్మేవాడి చేయి విడివిడిగా పట్టుకుని పైన రుమాలు కప్పుతాడు. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇంత అని లెక్క. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ధర ఎవరికీ వినబడదు. ముఖాలు చూస్తే మాత్రం బేరం ఎటు పోతున్నదో తెలిసిపోతుంది.

నారాయణఖేడ్ దిక్కు కుర్మలు నల్లగొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగళ్లు తెచ్చేవారు. మేదరివాళ్లు గంపలు, చాటలు తెచ్చేవారు. తండాల నుంచి లంబాడి ఆడవాళ్లు సీతాఫలాలు, తునికిపండ్లు తెచ్చేవారు. సరుకుతోపాటు కబురు వచ్చేది. ఎవరి ఇంట్లో పిల్ల ఉంది, ఎవరి పొలం తాకట్టులో ఉంది, సంగారెడ్డి కచ్చీరులో ఎవరి కేసు ఏమైంది అన్నీ అంగట్లోనే తెలిసేవి. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పెళ్లయిపోయిన బిడ్డను పండగకు తప్ప చూడలేని కాలంలో, తల్లిగారి ఊరికీ అత్తగారి ఊరికీ నడుమ కూడే అంగడే తల్లీబిడ్డలు కలుసుకునే చోటు. ఉప్పు కొనడానికి వచ్చామని చెప్పి, చింతచెట్టు కింద గంటసేపు కూర్చుని మనసులోది చెప్పుకున్న ఆడవాళ్లు ఎందరో. అంగడి లేకపోతే వాళ్లకు ఆ గంట లేదు.

సైరన్ మోగాక

1960ల మొదట్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చాయి. ఈ నడుమ, అప్పట్లో ఈ ప్రాంతం ఉన్న మెదక్ వెనకబడిన జిల్లా అన్న లెక్కన దొరికిన రాయితీలతో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి వరుసగా మందుల, రసాయనాల కర్మాగారాలతో నిండిపోయాయి.

అంగడికి అప్పటిదాకా పంట లెక్క. కోతలయ్యాక గలగల, ఎండాకాలం వెలవెల. కర్మాగారాలు వచ్చాక జీతం లెక్క మొదలైంది. నెల మొదటి వారం అంగడి ఒక తీరు, నెలాఖరు అంగడి ఒక తీరు. ఒకప్పుడు పొద్దున కూడి సందెకు ముగిసేది, ఇప్పుడు షిఫ్టు దిగేవాళ్ల కోసం సందెకు కూడి, బల్బుల వెలుగులో రాత్రిదాకా సాగుతుంది. అంగడి తన వేళ మార్చుకుంది, తావు మార్చుకుంది, జనాన్ని మాత్రం వదల్లేదు.

నష్టం చిన్నది కాదు. కర్మాగారాల మురుగు నక్కవాగులో కలిసింది, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. 1990లో ఈ కాలుష్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాగు ఒడ్డున కూరగాయలు, వరి పండించిన కుటుంబాలు పొలాలు చెడిపోయి పంట మానేశాయి. అంగట్లో అమ్మేవాళ్ల వరుసలో కూర్చున్న మనిషి కొనేవాళ్ల వరుసలోకి జరగడం పైకి కనబడని పెద్ద మార్పు. తన చేతి చిక్కుడుకాయ నలుగురికి కొసరేసిన మనిషి, పావుకిలో ఎంతని అడగవలసి రావడంలోని బాధ ఏ పరిహారం లెక్కలోనూ ఎక్కదు.

అమ్మే రైతు తగ్గినా కొనే కార్మికుడు పెరిగాడు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చి ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండే కుర్రాళ్లకు అంగడి వంటసామాను దొరికే చోటు, తమ ఊరి మాట వినబడే చోటు కూడా. ఆవనూనె, అటుకులు, సత్తుపిండి అడిగేవాళ్లుంటే అవీ ఇక్కడి పట్టాల మీదికి వచ్చాయి. 2020లో లాక్‌డౌన్ పడి అంగళ్లు మూతపడ్డప్పుడు వాళ్లకు కూలితోపాటు కూర కూడా దూరమైంది. కందిలో ఐఐటీ కట్టడం పనిలో ఉన్న కార్మికులు ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశంలోనే మొదటి వలస కార్మికుల ప్రత్యేక రైలు కదిలింది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఇట్లా దూరం నుంచి వచ్చినవాళ్లే. గేటు దగ్గర వాళ్లు హాజరు పుస్తకంలో అంకెలు. కూరలమ్మే అవ్వకు మాత్రం బేటాలు.

జాగా ఎక్కడ?

ప్రభుత్వం చేసిన పనులు లేకపోలేదు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు దలారీ లేకుండా రైతును పట్నపు ఇల్లాలికి దగ్గర చేశాయి. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చి, చెప్పాపెట్టకుండా తరిమేయడం తప్పంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కొర్రలు, సామలు, జొన్నలు మళ్లీ పండించి, ఏటా ఎడ్లబండ్ల మీద ఊరూరా పాత పంటల జాతర తీస్తున్నారు. అంగట్లోంచి మాయమైన గింజను మళ్లీ అంగడికి తెచ్చినవాళ్లు వాళ్లు.

కానీ అంగడి కింది నేల జారిపోతోంది. ముంబై రహదారి వెంట భూమి గజాల లెక్కన అమ్ముడుపోతున్న చోట, వారంలో ఒక్కపూట కోసం ఖాళీగా ఉండే స్థలం అందరి కంటికీ వృథాగా కనిపిస్తుంది. చెరువుకట్ట పక్క జాగా వెంచరైంది, చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. అంగడి రోడ్డు అంచుకు జరిగింది. లారీలు వెళ్తుంటే వెనక్కి ముడుచుకుని కూర్చున్న ఆడవాళ్లు గంపలను ఒళ్లోకి లాక్కోవలసి వస్తోంది. అంగట్లో కూర్చున్నందుకు కట్టే తైబజారు రుసుం మాత్రం తప్పకుండా వసూలవుతుంది. కడుపుతో ఉన్న అమ్మాయి, డెబ్భై ఏళ్ల అవ్వ పొద్దంతా కూర్చునే చోట ఒక మరుగుదొడ్డి, ఒక నల్లా, ఒక నీడ ఉండవు.

వెంచరు వేస్తే పార్కుకు స్థలం వదలాలని నిబంధన ఉంది. పారిశ్రామికవాడ వేస్తే లారీలు ఆగడానికి స్థలం చూపిస్తారు. వేలమంది కార్మికులుండే చోట అంగడికి ఎకరం నేల, నాలుగు చెట్లు, మంచినీళ్లు వదలడం అంతకన్నా కష్టమైన పని కాదు. పేటలు కట్టినవాళ్లు ఆ కాలంలోనే ముందు బజారుకు జాగా చూసి ఆ తరవాత ఊరు నిలిపారు. ఆ తెలివి మనం మరిచిపోకూడదు.

ఫోన్లో ఆర్డరిస్తే పది నిమిషాల్లో వంకాయలు ఇంటికొస్తున్నాయి. తూకం గ్రాముతో సహా సరిగ్గా ఉంటుంది. ఆ సంచిలో కొసరు ఉండదు, ఉండే వీలు లేదు. కొసరెయ్యాలంటే ఎదురుగా మనిషి ఉండాలి, ఆ మనిషి వచ్చేవారం మళ్లీ వస్తాడన్న నమ్మకం ఉండాలి. చీకటి పడ్డాక ఆ అవ్వ పట్టా దులిపి చుట్టుకుంటుంటే అడిగాను, ఆ పిల్లగాడు మీకు తెలుసా అని. "పేరు తెల్వది బిడ్డా. పోయిన అంగడికి రాలే. జరమొచ్చిందట. గందుకే రెండు కాయలెక్కువేసిన" అంది.