తొలిసారి పట్టు చేతితుపాకి



నేడు నేను విన్నవింపబూనిన విషయము మీకు కొంత వింతగా తోపవచ్చును. ఎన్నడును తుపాకి ముట్టనివాడు మొట్టమొదట చేపట్టదగిన చేతితుపాకి యెట్టిది? ఈ ప్రశ్నకు చరిత్ర యేమి బదులు చెప్పుచున్నది? ఇదియే నేటి ప్రసంగము. పల్లెలోని పెద్దలకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. ఇంటి కుఱ్ఱవాడు లైసెన్సునకు దరఖాస్తు పెట్టదలచినపుడు తండ్రినో, పెదతండ్రినో, ఊరిలో నలుగురు గౌరవించు వృద్ధునో ముందుగా సలహా యడుగును. "తీసికొమ్ము" అనుటయు, "వలదు" అనుటయు, "తీసికొన్నచో ఇట్టిది తీసికొమ్ము" అనుటయు ఆ పెద్దల నోటనే యున్నది. ఎద్దును కొనుటలో సలహా తప్పినచో ధనము నష్టమగును. ఇందు తప్పినచో ప్రాణము పోవును. అది పలుమారు తుపాకి పట్టినవాని ప్రాణమో, వాని యింటి పసివాని ప్రాణమో అగుచుండును.

ముందుగా చేతితుపాకి పుట్టుకను చూతము. తొలినాటి తుపాకులు నిప్పంటిన వత్తితో ప్రేలెడివి. ఆ వత్తి వానకు ఆరిపోకుండ, గాలికి రవ్వలు చెదరకుండ కాపాడుకొనుటయే ఒక పని. అట్టి దానిని నడుమున దోపుకొని తిరుగుట అసాధ్యము. 16వ శతాబ్దపు తొలినాళ్లలో ఐరోపా ఖండమున ఒక చిన్న ఉక్కుచక్రము రాతితునుకను ఒరసి నిప్పురవ్వలు రాల్చు యంత్రము ఏర్పడెను. అంతట ముందుగనే మందు కూరి, బట్టమాటున దాచి, ఒక్కచేత తీసి కాల్చుట సాధ్యమయ్యెను. దాచుకొన వీలగు ఆయుధమువలన కలుగు కీడును మాక్సిమిలియను చక్రవర్తి అప్పుడే గ్రహించి, 1517, 1518 సంవత్సరములలో తన యేలుబడిలో అట్టి యంత్రములను నిషేధించెను. చేతితుపాకి పుట్టిన కొలది యేండ్లకే దానికి శాసనమును పుట్టెనన్నమాట.

ఆపైన మూడువందల యేండ్లు చేతితుపాకి యనగా ఒక్కసారి ప్రేలి ఊరకుండునదియే. స్కాట్లండు దేశపు మతాచార్యుడు అలెగ్జాండరు ఫోర్సైతు, దెబ్బ తగిలినంతనే భగ్గుమను రసాయనమును తుపాకికి కూర్చి 1807లో పేటెంటు పొందెను. 1836లో అమెరికా దేశస్థుడు సామ్యూల్ కోల్టు, గదులుగల దిమ్మె యొకటి తిరుగుచు ఒక్కొక్క గుండును గొట్టమునకు ఎదురుగా తెచ్చు రివాల్వరునకు తన దేశమున పేటెంటు పొందెను. అతడే 1847లో అమెరికా సైన్యపు రౌతుల కొఱకు చేసిన రివాల్వరు రెండు కిలోలు, మన పాత తూకమున దాదాపు వీసెనర, తూగెడిది. దానిని గుఱ్ఱపు జీనుకు తగిలించి తీసికొనిపోయెడివారు. మందు మోతాదు ఎక్కువయగుటచే కొన్నిటి దిమ్మెలు కాల్చువాని చేతిలోనే బ్రద్దలయ్యెను. పెద్దదియే మేలైనదను భ్రమ అంత పాతది.

ఇదే కాలమున మఱియొక వంశము సద్దులేక పెరుగుచుండెను. 1845 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున ఫ్లోబేరు అను తుపాకుల పనివాడు, ఇంటి చావడిలోనే గుఱి నేర్చుకొనుటకు తగిన మిక్కిలి చిన్న తూటాను కల్పించెను. ఆ జాతిదే యైన .22 తూటాను, అనగా అంగుళమును నూఱు భాగములు చేసిన అందు ఇరువదిరెండు భాగముల వెడల్పు గలదానిని, కాల్చు ఏడు గదుల రివాల్వరును స్మిత్, వెస్సన్ అను ఇరువురు భాగస్వాములు 1857లో అమెరికాలో విడుదల చేసిరి. మన దేశమున సిపాయిలు తిరుగబడిన సంవత్సరమే యది. 1887లో స్టీవెన్సు కంపెనీ ఆ తూటాను కొంచెము పొడిగించి, గుఱి నిలుచునట్లు సవరించెను. నేటికిని ప్రపంచమందలి శిక్షణశాలలలో విరివిగా వాడబడుచున్నది ఆ 1887 నాటి తూటాయే.

ఆ యేటనే బ్రిటిషు సైన్యము బర్మింగుహాము నగరమున తయారగు వెబ్లీ రివాల్వరును స్వీకరించెను. దాని తరువాతి రూపములు .455 తూటాను కాల్చెడివి. ఆ గుండు బరువు 17 గ్రాములు, అనగా సుమారు తులమున్నర. .22 గుండు బరువు రెండున్నర గ్రాములకు కొంచెము ఎక్కువ, పావుతులమునకును తక్కువ. మొదటి మహాసంగ్రామమున, 1914 మొదలు 1918 వఱకు, కొలది వారముల శిక్షణతో రణరంగమునకు పోయిన వారి చేతికి ఈ పెద్ద రివాల్వరు నిచ్చిరి. యుద్ధము ముగిసిన పిదప సైన్యాధికారులు అనుభవమును తరచి చూచి, ఆ ఆయుధము వెనుకకు తన్ను తన్నునకు అలవాటు పడుటకు దీర్ఘశిక్షణ కావలయుననియు, క్రొత్తవారికి అది తగదనియు నిర్ణయించిరి. తత్ఫలితముగా 1930ల తొలినాళ్లలో .38 తూటా గల ఎన్‌ఫీల్డు రివాల్వరు వచ్చెను. వెబ్లీ 1,100 గ్రాములు తూగగా ఇది 770 గ్రాములకు లోపుగనే యుండెను. కండబలము గల సైనికునికే చిన్నది మేలని ఒక సామ్రాజ్యపు సైన్యము తలయొగ్గి యొప్పుకొనగా, చేను వదలి పట్టణము ముఖము చూడని కుఱ్ఱవానికి పెద్దది ఏల?

పెద్ద తుపాకుల విషయమునను ఇదే పాఠము ముందుగా తెలియవచ్చెను. 1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమున, పొలము దున్నుకొను బోయరు రైతుల గుఱి యెదుట బ్రిటిషు పట్టణముల నుండి వచ్చిన సైనికుల గుఱి వెలవెలబోయెను. అప్పటి సేనానాయకుడు రాబర్ట్సు ప్రభువు 1881 మొదలు 1885 వఱకు మన మద్రాసు సైన్యమునకు అధిపతిగా నుండినవాడు. అతని ప్రోత్సాహముతో యుద్ధము నడచుచున్న కాలముననే ఇంగ్లండున సామాన్యుల కొఱకు గుఱి నేర్పు సంఘములు బయలుదేరెను. అందు నేర్పినది .22 తుపాకితోనే. ఖర్చు స్వల్పము, చప్పుడు స్వల్పము, తన్ను స్వల్పము.

ఇట్లేల యని విచారింతము. గుండు ముందుకు పోవునపుడు తుపాకి వెనుకకు తన్నును. గుండు బరువైనకొలది, తుపాకి తేలికయైనకొలది తన్ను హెచ్చును. కావున జేబులో పట్టు చిన్న తుపాకి క్రొత్తవానికి సులభమను మాట సరికాదు. చిన్న పడవకు పెద్ద కెరటము వంటిది అది. రెండు మూడు మారులు చేయి నొచ్చి, చెవి గింగురుమన్న పిమ్మట ఆ చేయి ప్రేలుడుకు ముందే ఉలికిపడ నేర్చును. కన్ను మూతపడ నేర్చును. ఒకసారి పట్టుబడిన ఉలికిపాటును విడిపించుట బహుకష్టము. అందుచేతనే శిక్షకులు మంచి తూటాల నడుమ ఒక ఉత్తితూటాను చెప్పకయే ఉంచెదరు. మీట నొక్కినపుడు తుపాకి ప్రేలకున్నను చేయి ఎగిరిపడినచో దోషము చేతిదని తేటతెల్లమగును.

మఱియొక లెక్క. తుపాకిపై గుఱి చూచు గుర్తులు రెండు, ముందొకటి, వెనుకొకటి. వాని నడుమ దూరము పది సెంటీమీటర్లైనచో, చూపు ఒక్క మిల్లీమీటరు తప్పగా పది మీటర్ల దూరమున గుండు పది సెంటీమీటర్లు తప్పును. ఆ దూరము ఇరువది సెంటీమీటర్లైనచో తప్పు అయిదు సెంటీమీటర్లే. పొట్టిగొట్టము క్రొత్తవానికి పగయనుటకు ఇంతకన్న రుజువు వలదు. ద్రోణుడు కొయ్యపక్షిని నిలిపి మొదట అడిగినది ధనుస్సును గూర్చి కాదు, చూపును గూర్చియే గదా!

రివాల్వరా, తనంతట తూటా మార్చుకొను పిస్తోలా అను ప్రశ్నయు కలదు. 19వ శతాబ్దపు చివరను, 20వ శతాబ్దపు మొదటను జాన్ బ్రౌనింగు మొదలగువారు ఈ పిస్తోలును తీర్చిదిద్దిరి. దీనియందు పిడిలోని తూటాల పెట్టెను తీసివేసినను గొట్టపు మొదట ఒక తూటా మిగిలియుండవచ్చును. "పెట్టె తీసితిని, ఇక ఖాళీయే" అను భ్రమచే జరిగిన మరణములు దేశదేశములను కలవు. రివాల్వరు దిమ్మెను తెఱచినచో గదులన్నియు ఒక్కచూపునకు కనబడును. కావున శిక్షకుని నీడలో లేక ఇంట నుంచుకొను క్రొత్తవానికి రివాల్వరు తేటయైనది. శిక్షణశాలలో గురువు ప్రక్కన నిలిచి నేర్చుకొనువానికి .22 పిస్తోలును తగును.

ఇక మన దేశపు శాసనము. 1878లో లిట్టను ప్రభువు పాలనలో వచ్చిన ఆయుధచట్టము భారతీయునికి లైసెన్సు విధించి, ఐరోపావారికి మినహాయింపు నిచ్చెను. ఆ యవమానమును జాతి మఱవలేదు. 1922 ఆగష్టు మాసమున అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడినది తుపాకుల కొఱకే. స్వతంత్ర భారతమున 1959 నాటి చట్టము జాతిభేదమును తొలగించి, 1962 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. ఇరువదియొక యేండ్లు నిండనివారికి లైసెన్సు లేదు. గుఱిపోటీల శిక్షణకు మాత్రము నియమములకు లోబడిన మినహాయింపు కలదు. 2016 నాటి నిబంధనలు దరఖాస్తుదారునికి భద్రతాశిక్షణ అవసరమని చెప్పినవి. సైన్యము వాడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు వంటివి సామాన్యునికి నిషిద్ధములు; .22, .32 జాతులు లైసెన్సుపై లభించును. 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము స్త్రీల రక్షణ కొఱకని సుమారు అరకిలో బరువుగల .32 రివాల్వరును "నిర్భీక్" అను పేర విడుదల చేసెను. సంచిలో మోయుటకు తేలికదనము గుణమే. నేర్చుకొనువేళ మాత్రము ముందు చెప్పిన లెక్కను మఱవరాదు.

2019 నాటి సవరణను పెద్దలు ముఖ్యముగా గుర్తుంచుకొనవలయును. పెండ్లిలోనో, ఊరేగింపులోనో సంబరమునకై నిర్లక్ష్యముగా కాల్చి పరుల ప్రాణమునకు ముప్పు తెచ్చినవానికి రెండేండ్ల వఱకు చెఱ, లక్ష రూపాయల వఱకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. ఆకాశమునకు కాల్చిన గుండు ఆకాశముననే నిలువదు. ఎవరి తలపైననో దిగును. పెండ్లిపందిరిలో చూపించుకొనుటకే తుపాకి కోరువానిని పెద్దలు అక్కడికక్కడే వారించుట ధర్మము. కొనకుండుటయు ఒక నిర్ణయమే. పలువురకు అదియే ఉత్తమ నిర్ణయము.

నేర్చుకొనవలయునను కోరిక నిజమైనదైనచో మార్గము వేఱే కలదు. స్త్రీలకు ప్రత్యేకించిన .22 పిస్తోలు పోటీ 1984లోను, మందుగుండు లేక గాలిబలముతో పనిచేయు పిస్తోలు పోటీ 1988లోను ఒలింపిక్ క్రీడలలో చేరినవి. ఆ గాలిపిస్తోలు గుండు వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లే. హైదరాబాదు బాలిక ఈషా సింగు ఈ చిన్న పిస్తోళ్లతోనే 2023లో చైనా దేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకములు గెలిచెను. హంగరీ దేశపు సైనికుడు కరోలీ టకాచ్ కథ యింకను వింత. 1938లో చేతిబాంబు ప్రేలి అతని కుడిచేయి ఛిద్రమయ్యెను. అతడు ఎడమచేతితో, నిన్న మొన్న చేరిన శిష్యునివలె, మొదటి నుండి నేర్చుకొని 1948లోను, 1952లోను ఒలింపిక్ స్వర్ణములు పొందెను. బలము ఆయుధమునందున్నచో ఇది జరిగెడిది కాదు.

కావున సలహా యడుగ వచ్చినవానికి మీరు చెప్పదగినది యిది. మొదట గురువు, పిదప ఆయుధము. తొలుత గాలిపిస్తోలు, లేదా .22. గొట్టము మఱీ పొట్టిది కారాదు, బరువు మఱీ తక్కువ కారాదు, పిడి చేతికి నిండుగా ఇముడవలయును. ఒకరు చెప్పగా గాక, తన చేత పట్టి, గురువు ఎదుట కాల్చి చూచి ఎన్నుకొనవలయును. ప్రతి తుపాకియు నిండినదియే యని తలచవలయును. కాల్పదలపని దానివైపు గొట్టము త్రిప్పరాదు. గుఱి కుదురువఱకు వ్రేలు మీటపై నుంచరాదు. గుఱికి వెనుక నేమున్నదో యెఱుగక కాల్పరాదు. ఇంటికి తెచ్చిన పిమ్మట తుపాకి యొకచోట, తూటాలు వేఱొకచోట, రెంటికిని తాళములు.

ప్రతి విజయదశమికి మనము జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేయుచున్నాము. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ ఆయుధములను ఊరి వెలుపల ఆ చెట్టుపై, ఎవ్వరును చేయి వేయ సాహసింపనట్లు శవాకారమున కట్టి దాచిరి. గాండీవము ధరించినవానికే ఆయుధమును దాచుట తెలియవలసి వచ్చెను. దాచుట నేర్వనివాని చేతికి తొలి తుపాకి నందింపకుడని, ఈ యేడు జమ్మి ఆకు చేతికిచ్చునపుడు మీ యింటి పిల్లలకు చెప్పుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.