వేరుకొనలోని పనులపంపకము

నారుమడినుండి వరినారు పెరికి నాటిన మరునాడు పొలము చూచినవారికి తెలియును: మొక్కలు తలలు వాల్చియుండును. కొన్నిదినములకు గాని తేరుకొనవు. పెరుకుటలో తెగునవి పెద్దవేళ్లు మాత్రమే కావు. కంటికి ఆనియానని మూలకేశములు, అనగా నీటిని పీల్చు నూగువంటి పోగులు, మంటిలో చిక్కి నశించును. మన నిఘంటువులలో వృక్షమునకు 'పాదప' మను పేరు కలదు. పాదములతో త్రాగునది యని యర్థము. ఆ త్రాగుటలో ఈ నూగు పాలు మిక్కిలి గొప్పది.

ఒక్కొక్క కేశము ఒక్కొక్క కణమునుండి సాగిన పోగు. దాని ప్రక్కనున్న కణమో, కేశము తొడుగక ఊరక కప్పియుండును. ఒకే పొరలోని కణములకు ఈ వేర్వేరు పనులను పంచిన దెవరు? ఈ ప్రశ్నకు తగిన సమాధానము దొరకుటకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది.

1665లో రాబర్టు హుక్కను ఆంగ్లేయుడు సూక్ష్మదర్శినితో బెండుముక్కను చూచి, అందలి చిన్న చిన్న గదులకు పేరు పెట్టెను. 1682లో నెహీమియా గ్రూ అను వైద్యుడు వేళ్లను అడ్డముగా కోసి, లోపలి పొరల నన్నిటిని చిత్రించి గ్రంథము వెలువరించెను. అయితే ఆ పొర లెట్లు కలిగినవో అప్పటికి తెలియలేదు. 1868లో హాన్‌స్టయినను జర్మను పండితు డొక సిద్ధాంతము చెప్పెను. వేరుకొనలో మూడు మూలకణసమూహములు కలవు. ఒకదాని సంతతి పైచర్మము, రెండవదాని సంతతి వల్కలము, మూడవదాని సంతతి నడిమి నాళములు. అనగా పుట్టుకయే పనిని నిర్ణయించు నని తాత్పర్యము.

నేను తెలుగు పండితుడనే యైనను, సైన్సు ఉపాధ్యాయుడు లేని సంవత్సరములలో ఆ తరగతియు నా నెత్తినే పడెడిది. పాతవాచకమునుబట్టి హాన్‌స్టయిను మాటనే వేదవాక్యముగా చెప్పితిని. ఒకనాడొక బాలుడు లేచి, "మాస్టారూ, ఆ మొదటి కణం చచ్చిపోతే ఇక ఆ పని చేసేవాళ్లే ఉండరా?" అని యడిగెను. నాకు సమాధానము తెలియదు. "కూర్చోరా" అంటిని. ఆ మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాను. ఏలయన, ఆ బాలు డడిగినదే విద్వాంసులును అడిగిరి. అడిగి ఊరకుండక, కణమును చంపి చూచిరి.

అంతకు ముందొక వింత బయలుపడినది. 1950 దశాబ్దములో ఆక్సుఫర్డులో క్లోస్ అను పండితుడు మొక్కజొన్న వేళ్లను పరీక్షించి, కొనలో నట్టనడుమ కొన్ని కణములు దాదాపు విభజనమే లేక యుండుట కనుగొనెను. పెరుగుదలకు నిలయమైన చోట సోమరుల గుంపా యని తోచును. కాని అవి సోమరులు కావు. చుట్టునున్న మూలకణములు తొందరపడి ముదిరిపోకుండ కాచుచుండు నని 1997లో రుజువైనది.

ఇక బాలుని ప్రశ్న. ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న కలుపుమొక్క వేరు సన్నము. అందలి కణముల వరుసలను లెక్కింపవచ్చును. 1995లో హాలండులోని యూట్రెక్టు పండితులు లేసరు కిరణముతో దాని వేరుకొనలో వల్కలమునకు మూలమైన ఒక్క కణమును చంపిరి. చచ్చిన కణము నలిగి తొలగగా, లోపలి పొరకు చెందిన పొరుగుకణము ఆ ఖాళీలోనికి జరిగినది. జరిగిన పిమ్మట తన పాతపనిని మాని, క్రొత్తచోటి పనినే చేపట్టి వల్కలకణములను కన్నది! పుట్టుక కాదు, నిలిచిన చోటు ప్రధాన మని తేలినది. మరియొక విశేషము: పైన ముందే కుదురుకొన్న అదే వరుస కణములను, ఒక్కటి మిగులకుండ తాకుచున్న వాని నన్నిటిని చంపినచో, క్రింది మూలకణము తన పద్ధతిలో విభజింపజాలదు. పెద్దలనుండి పిన్నలకు ఏదో వార్త దిగుచున్న దన్నమాట.

అట్టి వార్తలలో ఒకటి 2001లో పట్టుబడినది. వేరు నడిమి స్తంభములో తయారగు నొక మాంసకృత్తు ప్రక్కపొరలోనికి నడచి వెళ్లి, ఆ పొరను అంతశ్చర్మముగా మార్చును. ఇది లేని మొక్కకు అంతశ్చర్మమే యుండదు. వేరు పొట్టిగా నిలిచిపోవును. అంతశ్చర్మ మనగా కావలి పొర. ఆ కణముల నడుమ నీరు దొంగదారిని దూరకుండ అడ్డగించు పట్టీ కలదు. దానిని కాస్పరీ యను పండితుడు 1865లోనే వర్ణించెను.

మూలకేశముల సంగతియు నట్టిదే. అరబిడాప్సిస్ వేరులో పైచర్మము క్రింద వల్కలకణములు సాధారణముగా ఎనిమిది, వలయముగా నుండును. రెండింటి నడిమి సందుపై నిలిచిన పైకణము కేశము తొడుగును. ఒక్కదాని వీపుపై కూర్చున్నది తొడుగదు. కావుననే కేశముల వరుసలును ఎనిమిదియే. వరిలో ఈ లెక్క వేరు. అక్కడ ఒక కణము హెచ్చుతగ్గుగా చీలి, అందు చిన్నది కేశమగును.

ఆ బాలుడిప్పుడు నడివయస్సువాడై యుండును. సేద్యము చేయుచున్నాడని వింటిని. నాయనా, ఈ ప్రసంగము నీ చెవిని పడినచో, నీ ప్రశ్నకు సమాధానము: ఉందురు. ప్రక్కవాడు జరిగి ఆ పని యెత్తుకొనును.