శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ వార్షిక క్రీడోత్సవం

ఆంధ్రప్రదేశ్‌లోని పుట్టపర్తిలో ఏటా జనవరిలో, సంక్రాంతికి ముందు జరిగే విద్యార్థుల క్రీడా, సాంస్కృతిక ఉత్సవం. 1981లో స్థాపితమైన శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ (డీమ్డ్ విశ్వవిద్యాలయం) దీన్ని నిర్వహిస్తుంది. ప్రధాన ప్రదర్శనలకు వేదిక హిల్ వ్యూ స్టేడియం.

సంస్థ ప్రాంగణాలు: పుట్టపర్తి, అనంతపురం (మహిళలకు), బెంగళూరు సమీపంలోని బృందావనం, చిక్కబళ్ళాపురం జిల్లా ముద్దేనహళ్ళి.

ప్రదర్శనలు: కవాతు, జిమ్నాస్టిక్స్, మోటారు సైకిల్ విన్యాసాలు, చైనా సంప్రదాయపు సింహ నృత్యం. వీటికి విద్యార్థులే సాధన చేసి సిద్ధమవుతారు. సంస్థ వ్యవస్థాపకుడైన సత్యసాయిబాబా జీవితకాలంలో సంక్రాంతినాడు విజేతలకు బహుమతులు అందేవి.

ప్రాముఖ్యం: వ్యక్తిగత గెలుపు కన్నా సమష్టి కృషికి, ధైర్యానికి, క్రమశిక్షణకు పెద్దపీట వేయడం ఈ ఉత్సవ విశిష్టత.